క్లోజపిన్ వల్ల మలబద్ధకం: ఇసబ్‌గోల్ డోసు పెంచొచ్చా?

మీ ప్రశ్నను ముందు ఒకసారి కుదించి చెప్తాను. మీ తమ్ముడికి 29 ఏళ్లు. స్కిజోఫ్రెనియాకి ఏడు నెలలుగా క్లోజపిన్ వాడుతున్నాడు, ఇప్పుడు రోజుకు 300 మి.గ్రా. అంతకుముందు మందులతో రాసిన పేసిటేన్ (వణుకు, కండరాల బిగుతు తగ్గించే మాత్ర) కూడా రెండు పూటలా నడుస్తోంది. మనిషి కుదుటపడ్డాడు, ఇంట్లో అందరితో మాట్లాడుతున్నాడు. కానీ మోషన్ మూడు నాలుగు రోజులకోసారి. మందుల షాపులో ఇసబ్‌గోల్ ఇస్తే పది రోజులుగా రాత్రిపూట రెండు చెంచాలు నీళ్లలో కలిపి తాగిస్తున్నారు. గుణం లేదు, పైగా పొట్ట ఉబ్బింది. రెండు చెంచాలను నాలుగు చేయొచ్చా అని అడిగారు.

వద్దండీ. పెంచడం కాదు, ఇసబ్‌గోల్‌ను ఇవాళే ఆపేయండి. నెమ్మదిగా తగ్గించాల్సిన పని లేదు, ఒక్కసారే ఆపొచ్చు. క్లోజపిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పొట్ట ఉబ్బి, నాలుగు రోజులుగా మోషన్ లేదంటే ఫోన్‌లో సలహా తీసుకుని సరిపెట్టుకునే దశ దాటిపోయింది. రేపటిలోగా డాక్టరు పొట్ట నొక్కి చూడాలి. అవసరమైతే మలద్వార పరీక్ష, పొట్ట ఎక్స్‌రే చేస్తారు. పేగు మూసుకుపోలేదని తేలాక, పేగును కదిలించే మందు ఒకటి, మలంలో నీరు నిలిపే మందు ఒకటి కలిపి మొదలుపెడతారు. ఈ వరసే ముఖ్యం. పేగు మూసుకుపోయి ఉండగా కదిలించే మందు వేస్తే పేగు చిరిగే ప్రమాదం ఉంది. అందుకే ఇంట్లో డల్కోలాక్స్ ఉంది కదా అని ఈ రాత్రికి వేసేయకండి.

రేపటిదాకా కూడా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. గంటకు మించి తగ్గని కడుపునొప్పి, వాంతులు, గట్టిగా బిగిసిన పొట్ట, గ్యాసు కూడా పోకపోవడం, జ్వరం, మలంలో రక్తం, ఉన్నట్టుండి నీళ్ల విరేచనాలు, మనిషి మగతగా వాలిపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అప్పటికప్పుడే 108కి ఫోన్ చేసి సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. క్యాజువాల్టీలో మొదటి మాటగా "క్లోజపిన్ వాడుతున్నాడు, ఇన్ని రోజులుగా మోషన్ లేదు" అని చెప్పండి. మందుల చీటీ చేతిలో ఉంచుకోండి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు నొప్పిని తక్కువగా చెప్పడం మామూలే. "కొంచెం ఇబ్బందిగా ఉంది" అన్నాడంటే దాన్ని మామూలు మనిషి చెప్పే కొంచెంతో పోల్చకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, క్లోజపిన్ అనగానే అందరి దృష్టి తెల్లరక్తకణాల మీదే ఉంటుంది. 1975లో ఫిన్లాండ్‌లో ఆ కణాలు పడిపోయి మరణాలు సంభవించాక ఈ మందును చాలా దేశాల్లో పక్కన పెట్టారు. తర్వాత రక్తపరీక్షల షరతుతో తిరిగి వచ్చింది. అందుకే మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తం ఇచ్చిన కుటుంబం కూడా "మోషన్ ఎలా అవుతోంది" అన్న ప్రశ్న ఒక్కసారీ విని ఉండకపోవచ్చు. క్లోజపిన్ వల్ల పేగు తీవ్రంగా స్తంభించిన 102 కేసులను 2008లో ఒకచోట చేర్చి చూస్తే, వాళ్లలో నాలుగో వంతుకు పైగా చనిపోయారు. అవి ముదిరిపోయిన కేసులే, మలబద్ధకం ఉన్న ప్రతివారికీ అలా జరగదు. అయినా ముదరకముందే పట్టుకోగలిగిన సమస్య ఇది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జనవరిలో ఈ విషయం మీదే హెచ్చరికను మరింత గట్టి చేసింది.

ఇక ఇసబ్‌గోల్ ఎందుకు పని చేయలేదో చెప్తాను. అది నీటిని పట్టుకుని జిగురుగా ఉబ్బుతుంది. మలం పరిమాణం పెరిగి పేగు గోడను సాగదీస్తుంది. సాగిన గోడ ముడుచుకుని మలాన్ని ముందుకు నెడుతుంది. అంటే నెట్టే పని పేగుదే, ఇసబ్‌గోల్ దాన్ని తట్టి లేపుతుందంతే. పీచు తక్కువ తినేవాళ్లలో, నీళ్లు తక్కువ తాగేవాళ్లలో ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది, ఎందుకంటే వాళ్ల పేగు కండరం బాగానే ఉంటుంది.

క్లోజపిన్ దెబ్బతీసేది సరిగ్గా ఆ నెట్టడాన్నే. పేగు కండరానికి "ముడుచుకో" అని కబురు చేర్చేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. క్లోజపిన్ దాని గ్రాహకాలను, అంటే కండరం ఆ కబురు అందుకునే చోట్లను, అడ్డుకుంటుంది. పేగు కదలికలో పాత్ర ఉన్న సెరొటోనిన్ గ్రాహకాలను కొన్నింటిని కూడా అడ్డుకుంటుంది. గోడ సాగినా కబురు అందదు. ఆ స్థితిలో ఇసబ్‌గోల్ వేయడమంటే ఎద్దులు కదలని బండిలో ఇంకో బస్తా వేయడమే. జిగురు ముద్ద వెనకాల పేరుకుంటుంది, పెద్దపేగు దానిలోని నీటిని నెమ్మదిగా పీల్చేస్తుంది, చివరికి అది గట్టిపడి అడ్డం పడొచ్చు. మీ తమ్ముడికి పొట్ట ఉబ్బడం ఇసబ్‌గోల్ చాలకపోవడం వల్ల కాదు. చెంచాలు పెంచితే ఉబ్బరం పెరుగుతుంది.

పేగు ఎంత నెమ్మదిస్తుందో కొలిచారు కూడా. న్యూజీలాండ్‌లోని పోరిరువాలో ఎక్స్‌రేలో కనిపించే చిన్న గుర్తులను మింగించి, అవి పెద్దపేగు దాటడానికి ఎంత సేపు పడుతుందో చూశారు. వేరే యాంటీసైకోటిక్ మందులు (స్కిజోఫ్రెనియా లాంటి జబ్బులకిచ్చేవి) వాడుతున్నవారిలో మధ్యస్థంగా 23 గంటలు పట్టింది. క్లోజపిన్ వాడుతున్నవారిలో 104 గంటలు దాటింది. అంటే నాలుగు రోజులకు పైనే. అందులో ఇంకో సంగతి తేలింది. పేగు బాగా మందగించినవాళ్లలో చాలామంది తమకు మలబద్ధకం ఉందని అనుకోలేదు. అందుకే "బానే అవుతోంది" అన్న మాట ఒక్కటే నమ్ముకుని కూర్చోవద్దని చెప్తాను.

డాక్టరుతో ఏం మాట్లాడాలి

ఎక్స్‌రే చూసి, అడ్డంకి లేదని చెప్పాక సాధారణంగా నడిచే పద్ధతి ఇది. మీరు సొంతంగా మొదలుపెట్టడానికి కాదు, డాక్టరు రాసినప్పుడు అర్థం చేసుకుని సరిగ్గా వేయడానికి చెప్తున్నాను.

మొదటిది, పేగును కదిలించే మందు. మన దగ్గర ఎక్కువగా రాసేది బిసాకోడిల్, అదే డల్కోలాక్స్, రాత్రి 5 నుంచి 10 మి.గ్రా. లేదా సెన్నా మాత్ర, లేదా సోడియం పికోసల్ఫేట్. రాత్రి పడుకునేముందు వేస్తే 6 నుంచి 12 గంటల్లో, అంటే పొద్దున్నకి పని చేస్తుంది. బిసాకోడిల్ మాత్ర పైపూత పేగులోకి వెళ్లాకే కరగాలి. కాబట్టి నలపకూడదు, విరవకూడదు, పాలతో వేయకూడదు. గ్యాస్ సిరప్ తాగితే గంట ఎడం ఉండాలి. పాలతో మాత్ర వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా వేస్తే పూత కడుపులోనే కరిగి మెలిపెట్టే నొప్పి వస్తుంది, "ఈ మందు పడలేదు" అని మానేస్తారు. తప్పు మందుది కాదు, పాలది.

రెండోది, మలంలో నీరు నిలిపే మందు. పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి, దీన్నే మాక్రోగాల్ అంటారు, రోజుకు 17 గ్రాములు ఒక పెద్ద గ్లాసు నీళ్లలో, అంటే సుమారు 240 మి.లీ.లో పూర్తిగా కరిగించి తాగాలి. లేదంటే లాక్టులోజ్ సిరప్, 15 నుంచి 30 మి.లీ. లాక్టులోజ్ పని చేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి కాబట్టి గ్యాసు పుట్టిస్తుంది. ఇప్పటికే పొట్ట ఉబ్బి ఉన్న మీ తమ్ముడికి పాలిఇథిలీన్ గ్లైకాల్ నయమని నా అభిప్రాయం. డాక్టరును అడిగి చూడండి. పెద్దపేగు పరీక్షకు ముందు లీటర్ల కొద్దీ తాగించే పొడి కూడా ఈ జాతిదే, కానీ దాని కొలత వేరు. షాపులో ఒకదానికి బదులు ఒకటి ఇవ్వకుండా చూసుకోండి.

ఈ రెండు రకాలూ కలిపి వాడితే ఫలితం ఉంటుందని కూడా పోరిరువా బృందమే చూపించింది. సెన్నా, మలాన్ని మెత్తబరిచే డాక్యుసేట్ కలిసిన మాత్రలతో మొదలుపెట్టి, చాలకపోతే మాక్రోగాల్ చేర్చారు. 14 మందిలో పెద్దపేగు ప్రయాణ సమయం 110 గంటల నుంచి 62 గంటలకు తగ్గింది. చిన్న అధ్యయనమే. 62 గంటలు కూడా మామూలు కాదు. కానీ నాలుగున్నర రోజుల నుంచి రెండున్నర రోజులకు రావడం ఈ రోగులకు పెద్ద తేడా.

"రోజూ విరేచనం మందు వేస్తే అలవాటైపోదా, పేగు బద్ధకిస్తుందేమో" అని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ఇక్కడ పేగును బద్ధకింపజేస్తున్నది క్లోజపిన్. అది రోజూ లోపలికి వెళ్తున్నప్పుడు దానికి విరుగుడు కూడా రోజూ వెళ్లాలి. క్లోజపిన్ వాడినంతకాలం వాడాల్సి రావొచ్చు. రెండు రోజులు మోషన్ సాఫీగా అయిందని మానేయడం, మళ్లీ బిగుసుకున్నాక మొదలుపెట్టడం, అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. విరేచనాలు మరీ పల్చబడితే డోసు తగ్గించమని అడగండి, మొత్తానికి ఆపకండి. నిజానికి ఈ మందులను క్లోజపిన్ మొదటి మాత్రతోనే కలిపి మొదలుపెట్టడం మంచి పద్ధతి.

క్రెమాఫిన్ లాంటి సిరప్‌ల గురించి ఒక మాట. వాటిలో లిక్విడ్ పారాఫిన్ ఉంటుంది. క్లోజపిన్ వాడేవాళ్లకి నిద్రలో చొంగ ఎక్కువ, మగత ఎక్కువ, మింగడం కూడా కొందరికి సరిగ్గా ఉండదు. పారాఫిన్ పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం న్యుమోనియా వస్తుంది. అది ఇంట్లో ఉంటే పడుకునేముందు తాగించకండి. వేరే మందు ఉండగా దాని జోలికి పోకపోవడమే మేలు.

పేసిటేన్ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఆపింది ఈ ఒక్క వాక్యం. పేసిటేన్, అంటే ట్రైహెక్సీఫెనిడిల్, ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందే. పాత మందుల వల్ల వచ్చే వణుకు, కండరాల బిగుతు తగ్గడానికి ఇస్తారు. క్లోజపిన్ వల్ల ఆ వణుకు, బిగుతు రావడం చాలా అరుదు. మందు మారినా పేసిటేన్ మాత్రం చీటీ నుంచి చీటీకి అలాగే దిగుతూ వస్తుంది. క్లోజపిన్‌కు తోడు పేసిటేన్ అంటే పేగుకు రెండు తాళాలు. "ఇది ఇంకా అవసరమా?" అని తప్పక అడగండి. ఒక్కసారిగా మానిపించకండి, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్తారు. విరేచనం మందులు ఎన్ని మార్చినా కుదరని మలబద్ధకం, ఈ ఒక్కటి తీసేస్తే సగం సర్దుకోవడం తరచూ కనిపిస్తుంది.

ఇదే జాతి మందులు తెలియకుండా ఇంట్లోకి వస్తుంటాయి. కడుపునొప్పి అనగానే షాపులో ఇచ్చే సైక్లోపామ్, మెఫ్టాల్ స్పాస్ మాత్రల్లో డైసైక్లోమిన్ ఉంటుంది. అది పేగు కదలికను ఇంకా ఆపుతుంది. క్లోజపిన్ వాడే మనిషికి మలబద్ధకంతో వచ్చిన నొప్పికి ఈ మాత్ర ఇవ్వడం అత్యంత ప్రమాదకరమైన పని. నొప్పి కాసేపు తగ్గినట్టుంటుంది, లోపల పేగు మాత్రం ఇంకా స్తంభిస్తుంది. బస్కోపాన్ కూడా అంతే. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, నొప్పులకిచ్చే ట్రామడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, ఇవన్నీ మలబద్ధకాన్ని పెంచేవే.

ఇంకొకటి తప్పక గుర్తుంచుకోండి. గట్టి మలం అడ్డుపడి ఉండగా దాని పక్కల నుంచి నీళ్లలా విరేచనం కారొచ్చు. ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, మోషన్ అయింది" అనుకుంటారు, లేదా విరేచనాలు పట్టుకున్నాయని లోపెరమైడ్ వేస్తారు, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తెస్తారు. లోపెరమైడ్ పేగు కదలికను ఇంకా తగ్గిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కాలేయంలో క్లోజపిన్ విరిగే దారిని అడ్డుకుని, రక్తంలో క్లోజపిన్ మోతాదును బాగా పెంచేస్తుంది. మూడు నాలుగు రోజులు బిగుసుకున్నాక వచ్చిన నీళ్ల విరేచనానికి ఈ రెండు మందుల్లో ఏదీ డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

ఇంట్లో ఉన్న మిగతా సప్లిమెంట్లు

ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు రెండూ మలాన్ని గట్టిపరుస్తాయి. బలానికని తెచ్చి వేస్తున్నట్టయితే అవి నిజంగా అవసరమో లేదో అడగండి. హిమోగ్లోబిన్ తక్కువని డాక్టరే ఐరన్ రాసి ఉంటే ఆపకండి, మలబద్ధకం సంగతి చెప్పండి, డోసు మారుస్తారు. అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్‌లూ ఇదే కోవలోకి వస్తాయి. ఉబ్బరానికని సీసాలు సీసాలు తాగిస్తే ఉబ్బరం పెరుగుతుంది.

మెగ్నీషియం, అంటే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా లాంటివి, మలంలోకి నీటిని లాగుతాయి, పని చేస్తాయి. కిడ్నీలు బాగుంటేనే వాడాలి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా రోజూ వాడకూడదు. త్రిఫల చూర్ణం సౌమ్యమైనదే. అయితే "కడుపు శుభ్రం" పేరుతో అమ్మే చూర్ణాలు చాలావాటిలో సునాముఖి, అంటే మన నేలతంగేడు ఆకు, కలుస్తుంది. అదే సెన్నా. చూర్ణంలో ఎంత ఉందో తెలియదు, పైన డాక్టరు సెన్నా రాస్తే రెండూ కలిసి కడుపు మెలిపెట్టి నీళ్లలా పోతుంది. డబ్బా మీద పదార్థాల పట్టీ ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. ఆముదం రోజూ పట్టించేది కాదు. జీలకర్ర, వాము నీళ్లు తాగితే తాగనివ్వండి, అవి గ్యాసుకు ఊరటనిస్తాయేమో కానీ పేగును నెట్టలేవు. ప్రోబయోటిక్ క్యాప్సూళ్ల మీద ఈ సమస్యకు డబ్బు పెట్టొద్దని చెప్తాను.

తిండి విషయంలో జామ, బొప్పాయి, ఆకుకూరలు, పప్పు మామూలుగా పెట్టండి. తిండిలో సహజంగా వచ్చే పీచుకు భయపడక్కర్లేదు. కానీ పొట్ట ఉబ్బి ఉన్న ఈ నాలుగైదు రోజులూ పీచు ఎక్కువ పెట్టడం, ఊక కలిపిన పిండితో రొట్టెలు చేయడం లాంటివి వద్దు. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే రోజుకు రెండు లీటర్లకు పైగా నీళ్లు తాగించండి. పొద్దున టిఫిన్ తిన్నాక అరగంట లోపు పేగు కొంచెం ఊపందుకుంటుంది. ఆ సమయానికి హడావిడి లేకుండా కూర్చునే అలవాటు చేయించండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి. సాయంత్రం అరగంట నడక మంచిది. వీటితోనే నయమైపోతుందని మాత్రం అనుకోవద్దు.

బీడీ, సిగరెట్ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఇది తెలిసుండాలి. పొగలోని పదార్థాలు కాలేయంలో క్లోజపిన్‌ను త్వరగా విరగ్గొడతాయి. పొగ మానేస్తే అదే 300 మి.గ్రా. రక్తంలో బాగా ఎక్కువవుతుంది, వారం తిరిగేసరికి మగత, చొంగ, మలబద్ధకం అన్నీ పెరుగుతాయి. మానడం మంచిదే, కాని ముందు డాక్టరుకు చెప్పి మానాలి. పని చేసేది పొగ, నికోటిన్ కాదు. కాబట్టి నికోటిన్ గమ్ నమిలినా లెక్క మారదు. కాఫీ దీనికి తిరగేసి పని చేస్తుంది. రోజుకు ఐదారు కప్పులు తాగితే క్లోజపిన్ పెరుగుతుంది. గట్టి జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా పెరుగుతుంది. జ్వరం వచ్చిన వారం మోషన్ మీద కన్ను వేసి ఉంచండి. అదే జ్వరానికి తెల్లరక్తకణాల పరీక్ష కూడా వెంటనే చేయించాలి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజూ మూడే మూడు రాయండి: మోషన్ అయిందా లేదా, మలం ఎలా ఉంది, పొట్ట ఉబ్బరం ఉందా. "ఎలా ఉంది" అన్నదానికి బ్రిస్టల్ పట్టిక వాడతారు. అందులో ఏడు రకాలు. ఒకటి మేకపెంటికల్లా విడివిడి గట్టి ఉండలు, రెండు ఉండలన్నీ అతుక్కున్న ముద్ద, నాలుగు మెత్తగా నున్నగా అరటిపండులా, ఏడు నీళ్లు. మూడు, నాలుగు ఉండేలా చూసుకోవాలి. వరసగా రెండు రోజులు మోషన్ లేకపోతే డాక్టరుకు ఫోన్ చేసేలా ముందే మాట్లాడి పెట్టుకోండి. నాలుగో రోజుదాకా ఆగొద్దు. 29 ఏళ్ల తమ్ముణ్ని అక్క రోజూ ఇది అడగడం ఇద్దరికీ ఇబ్బందే. గోడ క్యాలెండర్ మీద అతన్నే టిక్కు పెట్టమనండి. చాలామంది దీనికి ఒప్పుకుంటారు.

మరి ఇసబ్‌గోల్ ఎవరికి?

ఇదంతా చదివి ఇసబ్‌గోల్ చెడ్డదనుకోకండి. గుజరాత్‌లో విస్తారంగా పండే ఈ గింజ పైపొట్టు చాలామందికి మేలు చేస్తుంది. డిప్రెషన్‌కు సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి వాడుతూ మలం కాస్త గట్టిపడినవాళ్లకి మొదట ఇచ్చి చూడదగ్గదే. రక్తంలో చెడు కొవ్వును, తిన్న తర్వాత చక్కెరను కొంత తగ్గిస్తుంది. యాంటీసైకోటిక్ మందులతో బరువు, షుగరు పెరిగేవాళ్లకి ఈ కారణంతో కూడా పనికొస్తుంది. ఓలాంజపిన్, అమిట్రిప్టిలిన్ వాడుతూ మలబద్ధకం ఉన్నవాళ్లు మాత్రం అడిగే మొదలుపెట్టాలి, ఆ మందులూ పేగును కొంత నెమ్మదింపజేస్తాయి.

వాడేవాళ్లు 3 నుంచి 5 గ్రాములతో మొదలుపెట్టాలి. పొట్టు తేలిక, పొడి బరువు. ఒకే చెంచాకు రెండింటి బరువూ ఒకటి కాదు, కాబట్టి ప్యాకెట్ మీద గ్రాములు చూడండి. 240 మి.లీ. నీళ్లలో కలిపి, జిగురుగా మారకముందే గబగబా తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుని నీళ్లు తాగడం, కొంచెం నీళ్లలో ముద్దగా తినడం ప్రమాదం, గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. మగతగా ఉన్న మనిషికి, మింగడం కష్టమయ్యే మనిషికి, మంచం మీద పడుకుని ఉన్నవారికి ఇవ్వకూడదు. మిగతా మందులకీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మూడ్‌ను స్థిరంగా ఉంచడానికి లిథియం వాడేవాళ్లు దీన్ని తీవ్రంగా తీసుకోవాలి. ఇసబ్‌గోల్‌తో కలిపి వేసినప్పుడు లిథియం రక్తంలోకి తక్కువగా చేరిన సందర్భం నమోదైంది. మొదలుపెట్టినా, మానేసినా లిథియం పరీక్ష చేయించుకోవాలి. ఎవరికైనా వారం పది రోజులు సరిగ్గా వాడినా మోషన్ కదలక పొట్ట ఉబ్బుతుంటే, సమస్య పీచుది కాదని అర్థం, డోసు పెంచకుండా డాక్టరును కలవాలి.

ఇక ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే. సర్జన్లు క్లోజపిన్‌ను కొన్నాళ్లు ఆపమనొచ్చు. పేగు స్తంభించినప్పుడు అది సరైన నిర్ణయమే కావొచ్చు, కానీ మానసిక వైద్యుడికి అదే రోజు తెలియాలి. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, వాంతులు, చెమటలు, నిద్రలేమి రావొచ్చు. క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగితే, ఇంటికొచ్చాక మళ్లీ 300 మి.గ్రా. వేయకూడదు. 12.5 మి.గ్రా. నుంచి కొత్తగా మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఒక్కసారే పాత డోసు వేస్తే బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు, ఫిట్స్ రావొచ్చు. డిశ్చార్జి చీటీలో పాత డోసే రాసి ఉన్నా, మానసిక వైద్యుణ్ని అడిగాకే మొదటి మాత్ర వేయండి. చివరి మాత్ర ఏ రోజు, ఎన్ని గంటలకు వేశారో ఆ నోటు పుస్తకంలోనే రాసిపెట్టుకోండి.